గేటుకు కట్టిన ఎర్ర తువ్వాలు

ఏడాదిగా అమ్మ ఫోన్లో గుసగుసగానే మాట్లాడుతోంది. నాన్న పోయిన దగ్గర్నుంచీ అంతే. విజయనగరం ఎస్టీడీ బూతులో రిసీవరు చెవికి ఎంత నొక్కుకున్నా సగం మాటలు అందవు. అందుకే సంవత్సరీకానికి మా ఏడేళ్ళ అమ్మాయి పింకీని తీసుకుని భిలాయి బయల్దేరాను. నాన్నకు దణ్ణం పెట్టుకోవాలి, అమ్మ గొంతు వినాలి.

పొద్దున్నే రైలెక్కాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు రాయగడలోనే కడుపు నింపుకోండి. ఆ తర్వాత దొరికే వడలు చల్లగా, టీ నీళ్ళగా ఉంటాయి. ఎదుటి సీటులో శ్రీకాకుళం వైపు ఆవిడ నా పేరు కూడా అడగలేదు.

"ఏ సెక్టరమ్మా మీది?" అంది. స్టీల్ ప్లాంటు క్వార్టర్లన్నీ సెక్టర్లే కదా, భిలాయి వాళ్ళకు ఊరూ పేరూ తర్వాత.

"పెరిగింది సెక్టర్ టూ. నాన్న రిటైరయ్యాక స్మృతి నగర్‌లో ఇల్లు కట్టారు. కోక్ ఓవెన్స్‌లో చేసేవారు," అన్నాను.

"మా ఆయనా అక్కడే. సెలవుకి ఊరొచ్చినా పగలే తొంగుంటాడు," అని పై బెర్తు చూపించింది. నైట్ షిఫ్టు మనిషి నిద్రపోతున్నాడని తెలియగానే చుట్టూ ఉన్న భిలాయి వాళ్ళందరూ గొంతులు తగ్గించారు. పల్లీలమ్మేవాణ్ణి కూడా "భయ్యా, ధీరే" అని ఒకాయన కసిరాడు.

మా ఇంట్లోనూ అదే చట్టం. నాన్న నైట్ షిఫ్టు చేసొచ్చి గేటుకు ఎర్ర తువ్వాలు కట్టి పడుకునేవారు. అది ఉన్నంతసేపూ కూరలమ్మి కేక వేయదు, మేం తగువులాడినా సైగలతోనే. కోక్ ఓవెన్స్‌లో బొగ్గు బట్టీల సెగకు అలవాటుపడి పొయ్యి మీది గిన్నె వట్టి చేతుల్తో దింపే మనిషికి చిన్న చప్పుడైతే మెలకువొచ్చేది. రిటైరయ్యాక కూడా ఆయన ఒంటికి ఆ సంగతి తెలియలేదు, పగలే నిద్ర. తువ్వాలు ఆయనే కట్టాలి, లేచి ఆయనే విప్పాలి. పింకీ వస్తే మాత్రం విప్పే ఉద్యోగం దానిది. నాలుగింటికి తువ్వాలు తెచ్చి, తాతయ్య నేర్పిన హిందీలో "చార్ బజ్ గయే" అంటూ ఆయన మొహం మీద వేసి లేపేది. మమ్మల్నైతే తిట్టేవారు, దానికి మాత్రం నవ్వేవారు.

చీకటి పడ్డాక దుర్గ్‌లో దిగి, ఆటోవాడితో బేరమాడి ఇల్లు చేరాం. ఎండకు వెలిసిపోయిన తువ్వాలు గేటుకు అలాగే ఉంది.

"ఆ రోజు నాన్న పడుకోబోతూ కట్టిందే, అక్కా. మళ్ళీ లేవలేదు కదా. అమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వదు," అన్నాడు అమ్మతో ఉంటున్న తమ్ముడు.

మర్నాడు సంవత్సరీకం సవ్యంగా జరిగింది. వచ్చినవాళ్ళు కూడా గేటుకున్న తువ్వాలు చూసి గొంతు పెంచకుండా భోంచేసి వెళ్ళారు.

తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నం నేను సంచి సర్దుతుంటే, పింకీ తువ్వాలు పట్టుకుని లోపలికొచ్చింది. "అమ్మమ్మా, చార్ బజ్ గయే," అని దాన్ని అమ్మ ఒళ్ళో పెట్టింది. తమ్ముడు గోడవైపు తిరిగాడు. అమ్మ తువ్వాలునే చూస్తూ కూర్చుంది.

ఇంతలో గేటు దగ్గర "లే లాల్ భాజీ! ముంగా!" అని ఎర్ర తోటకూర, మునక్కాయలు తెచ్చిన కూరలమ్మి కేక. తువ్వాలు లేదు కదా, ఏడాది బాకీ అంతా ఒక్క కేకలో తీర్చుకుంది.

"ఏటే ఆ అరుపులు! మా ఆయన తొంగున్నారు..." అని అరిచింది అమ్మ. కూరలమ్మికి తెలుగు రాదన్న ధ్యాస కూడా లేదు. అరిచి, తన గొంతు తనే విని ఆగిపోయింది. తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వీధంతా వినేలా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, సంతోషమూ కలిగింది.

స్టేషనుకు అమ్మ కూడా వచ్చింది. బండి కదులుతుంటే కిటికీ వెంట నడుస్తూ, "సేరగానే ఫోన్ సెయ్యే! పింకీ గుంటకి దుప్పటి కప్పు!" అని ప్లాట్‌ఫాం అదిరేలా కేకలు పెట్టింది. పై బెర్తులో నిద్రపోతున్న పెద్దమనిషి ఉలిక్కిపడి లేచి నావైపు ఉరిమి చూశాడు.

నేనూ భిలాయి మనిషినే. అయినా సారీ చెప్పలేదు.