చెల్లెలికి పంపిన ఫొటోలు

మా చెల్లెలికి క్షయ రెండోసారి తిరగబెట్టినప్పుడు దాని కూతురికి మూడేళ్ళు. విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చుకున్న డాక్టరు, నయమయ్యేదాకా పాపను దగ్గరకు రానివ్వొద్దని గట్టిగా చెప్పారు. మరిది, అదే చెల్లెలి భర్త, ఆసుపత్రి పక్కనే ఒక గది తీసుకుని చెల్లెల్ని చూసుకునే ఏర్పాటు చేసుకున్నాడు. పాప కొవ్వూరులో మా ఇంటికి వచ్చింది.

నేను అప్పుడు అక్కడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరును. మా ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. మాకు పిల్లలు లేరు. మరిది పాప గౌన్ల సంచీతో పాటు ఒక చిన్న కెమెరా కూడా నా చేతికిచ్చాడు. వీలైనప్పుడల్లా ఒక రీలు తీసి పంపమన్నాడు. ఫొటోలు చూస్తేనన్నా చెల్లెలు మందులు సరిగ్గా మింగుతుందేమోనని అతని ఆశ.

నేను అంతకుముందు కెమెరా పట్టుకున్నదాన్ని కాదు. మొదటి రీలు కోసం పాపకు పౌడరు రాసి, కొత్త గౌను తొడిగి అన్నవరం తీసుకెళ్ళాం. కొండ మీద మెట్ల దగ్గర నిలబెట్టి నవ్వమన్నాను. గోపురం ముందు నిలబెట్టి మళ్ళీ నవ్వమన్నాను. ఇంటికొచ్చాక మిగిలిన రీలంతా కుర్చీలో కూర్చోబెట్టి తీశాను. కడిగించి, పోస్టు చేసి, చాలా గొప్ప పని చేసినట్టు జవాబు కోసం ఎదురుచూశాను.

చెల్లెలు ఉత్తరం రాసింది. "అక్కా, గౌన్లు బాగున్నాయి. పాప అన్నిట్లో ఒకేలా నిలబడింది. అది అన్నం ఎలా తింటోంది? చెప్పులు తనే వేసుకుంటోందా? అలాంటివి తియ్యవూ."

చదివి ముందు మనసు చివుక్కుమంది. తర్వాత నా దగ్గర ఉంచుకున్న రెండో ప్రతులు తీసి చూశాను. సగం వాటిలో ఎండ వెనకనుంచి పడి పాప మొహం నల్లగా ఉంది. మిగతా వాటిలో పాప బొటనవేలంత ఉంది. మొహం నిండా నవ్వే గాని, అది మా పాప నవ్వు కాదు.

ఆ ఫొటోలు పట్టుకుని బస్టాండు దగ్గర స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో నడిపే ఆయన పెద్దాయన. అన్నీ గాజు బల్ల మీద పరిచి కాసేపు చూశారు.

"ఇది గోపురం ఫొటో అండి టీచరుగారూ. పాపది కాదు" అన్నారు.

ఆ తర్వాత ఓపిగ్గా చెప్పారు. పాప ఎంత ఎత్తుంటే అంత ఎత్తులో నేల మీద కూర్చోవాలట. ఇంకా దగ్గరకు జరగాలట. బయటైతే ఎండ నా వీపున ఉండాలి, ఇంట్లోనైతే పొద్దుటి పూట గుమ్మం దగ్గర వెలుతురు చాలు. అన్నిటికన్నా ముఖ్యం, పేరు పెట్టి పిలవకూడదు. "పిలిస్తే మీకోసం మొహం పెడుతుందండి. దాని పని దాన్ని చేసుకోనివ్వండి. మీరు ఊరికే కూర్చోండి" అన్నారు.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. స్కూల్లో ముప్పైమందిని క్షణం ఊరుకోనివ్వని మనిషిని. అయినా ఆ ఆదివారం వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాను. పాప పెరుగన్నంలోంచి కరివేపాకు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున వరసగా పేర్చింది. అన్నీ పేర్చాకే ముద్ద నోట్లో పెట్టుకుంది. రోజూ దానికి అన్నం పెట్టేదాన్ని నేనే. అది అలా తింటుందని ఆ రోజే చూశాను.

అప్పట్నుంచి అలాంటివే తీశాను. నాలుక బయటపెట్టి ఎడం చెప్పు కుడికాలికి తొడుక్కుంటున్నది. నూతి చుట్టూ ఉన్న గచ్చు పళ్ళెం దగ్గర చీమల్ని వంగి చూస్తున్నది. స్నానం అయ్యాక తువ్వాలు కప్పుకుని వణుకుతున్నది. ఒక సాయంత్రం గోదావరి రేవులో కూర్చుని, వంతెన మీద వెళ్ళే గూడ్సు పెట్టెలు లెక్కపెడుతుంటే వెనకనుంచి తీశాను. మొహం కనపడదు. రెండు పిలకలు, ఊడిపోతున్న ఒక రిబ్బను, అంతే. పాడైపోయిందనుకుంటూనే పంపాను. చెల్లెలు దాన్నే మంచం పక్కన గోడకు అంటించుకుందని మరిది చెప్పాడు. జుట్టు ఎంత పెరిగిందో తెలిసిందని ఏడ్చిందట.

ఒక్క ఫొటో కోసం అరగంట పాపను చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. దాని చెవి వెనక పుట్టుమచ్చ, అబద్ధం చెప్పేముందు మోకాలు గోక్కోవడం, నిద్రొస్తే గొంతు సన్నగా అయిపోవడం, అన్నీ తెలిశాయి. రీలు అయిపోయాక కూడా చూస్తూ కూర్చునేదాన్ని. స్కూల్లో ఆఖరి బెల్లు కొడితే పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం పాపకు జ్వరం వచ్చింది. నా ఒళ్ళో పడుకుని, పైట అంచు గుప్పిట్లో బిగించి, "అమ్మా" అంది. నేను "పెద్దమ్మని" అన్నాను. అది మళ్ళీ "అమ్మా" అంది. రెండోసారి నేను దిద్దలేదు. అప్పుడే మా ఆయన ఫొటో తీశారు. ఆ రీలు కడిగించాక ఆ ఒక్కటీ చెల్లెలికి పంపలేదు. సరిగ్గా పడలేదని ఆయనతో చెప్పి, బీరువాలో రికార్డు పుస్తకం మధ్య పెట్టాను. నిజానికి నేను తీసిన వాటన్నిటికన్నా బాగా పడిన ఫొటో అది.

రెండేళ్ళు కావస్తుండగా చెల్లెలికి పూర్తిగా నయమైంది. సన్నబడి, మరిదితో కలిసి మా ఇంటికి వచ్చింది. వాళ్ళమ్మ ఫొటో రోజూ చూపిస్తూనే ఉన్నా, పాప నా చీర వెనక దాక్కుంది. చెల్లెలు దాన్ని లాగలేదు, తొందరపడలేదు. నాలుగు రోజులు మాతోనే ఉంది. మూడో రోజు పాప తనంతట తనే దువ్వెన తీసుకెళ్ళి వాళ్ళమ్మ ముందు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నేను దొండకాయలు తరుగుతుంటే చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వేమీ దాచక్కర్లేదు. ఫొటోల్లో అది కొన్నిసార్లు తలెత్తి చూసేది కదా. అది కెమెరాని చూడ్డం కాదు, నిన్ను చూడ్డం. మంచం మీద పడుకుని రోజూ ఆ చూపే చూశాను. కుళ్ళుకున్నాను. మళ్ళీ ఆ చూపు వల్లే ధైర్యంగా ఉన్నాను."

చేతిలో ఉన్న దొండకాయ తరిగి గిన్నెలో వేశాను. బీరువాలో ఫొటో తెచ్చి ఇవ్వాలనిపించింది. ఇవ్వలేదు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఐదో రోజు వాళ్ళు తమ ఊరు రామచంద్రపురం వెళ్ళిపోయారు. పాప ఊరికే అలా తిరిగి వచ్చేయడానికి వెళ్తున్నట్టు రిక్షాలోంచి చెయ్యి ఊపింది.

దసరా సెలవులకు నేను వాళ్ళింటికి వెళ్ళాను. పాప వీధిలో పిల్లలతో ఆడుకుంటోంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, నోరు తెరిచి, ముందు పన్ను ఊడిన ఖాళీ చూపించింది. తెచ్చిన జంతికలు రెండు చేతులా పట్టుకుని మళ్ళీ ఆటకు పోయింది. అది అలా పోగలగడం మంచిదే. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

చెల్లెలు కాఫీ తెచ్చింది. పన్ను ఎప్పుడు ఊడింది, ఎలా ఊడింది, రక్తం చూసి భయపడిందా అని అడిగాను. జామకాయ కొరుకుతుంటే ఊడిందని, ఏడవలేదని, ఊడిన పన్ను అరచేతిలో పెట్టుకుని వీధంతా చూపించి వచ్చిందని చెప్పింది. ఏ చేతిలో పెట్టుకుందని అడిగాను. చెల్లెలు నా మొహంలోకి చూసి, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, మొదటినుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.