ఎండాకాలంలో ఉండని చేప

మా పక్క అపార్ట్‌మెంట్ మేడమ్ గారు పోయారని సోమవారం పొద్దున లీజింగ్ ఆఫీస్ నుంచి ఫోన్ వచ్చింది. అవసరమైతే పిలవమని ఆమె నా నంబర్ ఇచ్చి ఉంచారట. ఆ సంగతి నాకు తెలియదు.

చేపల మీద పరిశోధన చేసి రిటైరైన మనిషి. చేప ఎన్నడూ తినలేదు. స్మెల్ట్ అనే చలినీటి చిన్న చేప ఒకప్పుడు మా న్యూజెర్సీలో, నది సముద్రంలో కలిసే ఒక చోట ఉండేదని పాత రికార్డులు ఉన్నాయి. అయితే అక్కడి జనం ఇంకో చేపను కూడా అదే పేరుతో పిలిచేవారు. ఏ రికార్డు దేని గురించో తేలదు. స్మెల్టేనని తేలితే అక్కడి వాగులో చేపలకు అడ్డుగా ఉన్న పాత కట్ట తీయించవచ్చని, చేప తిరిగి రావచ్చని ఆమె ఆశ.

చూపు మందగించి ఆమె డ్రైవింగ్ మానేశాక, శనివారాలు నేను అక్కడికి తీసుకెళ్ళేవాణ్ణి. ఆ ప్రయాణాలు లేకపోతే నాకు ఈ దేశంలో ఆఫీస్ తప్ప ఏమీ తెలిసేది కాదు. ఆమె తీరంలో పాత జాలర్లను కలిసి, చేప కోసినప్పుడు చేతికి ఏం వాసన అంటేదని అడిగేవారు. పచ్చి స్మెల్ట్‌కి కీరదోసకాయ వాసన ఉంటుందట, ఆ ఇంకో చేపకు ఉండదట.

"తినని వాళ్ళకి వాసనతో పనేంటి మేడమ్?" అన్నాను ఒకసారి.

"తినకపోతే ముక్కు లేదా నాకు?"

చివరికి ఆ జాలర్లలో అడగాల్సినవాడు వృద్ధుల హోమ్‌లో ఒక్క పెద్దాయన మిగిలాడు. అడగకముందే దోసకాయ వాసన అన్నాడు. మేడమ్ గారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఏ కాలంలో పట్టేవారని అడిగారు. స్కూళ్ళకు సెలవులిచ్చాక, ఎండలో, చొక్కాలు విప్పేసి అని ఆయన నవ్వాడు. ఆమె థాంక్స్ చెప్పి లేచారు.

కార్‌లో నేనే అన్నాను. "రాసేయండి మేడమ్. వాసన చెప్పాడుగా. నెలలు మర్చిపోయి ఉంటాడు."

"ఎండాకాలం అక్కడ అది ఉండదు బాబూ, మంచు కరిగే రోజుల్లోనే వాగులోకి వస్తుంది. నేనేం అడుగుతానో ఆ ఊరంతా తెలిసిపోయింది. జాలిపడి చెప్పాడు." సీట్ బెల్ట్ పెట్టుకుని, "ఇంక అడగడానికి ఎవరూ లేరు" అన్నారు.

తేలలేదనే రిపోర్ట్ రాసి చేపల శాఖకు పంపారు. కట్ట అలాగే ఉంది.

మొన్న మార్చిలో ఒకసారి అక్కడికి తీసుకెళ్ళమన్నారు. వాగులో మంచు ముక్కలు కొట్టుకుపోతున్నాయి. స్వెట్టర్ చెయ్యి పైకి లాక్కుని, కట్ట కింద వంగి నీళ్ళలో అరచెయ్యి పెట్టారు. నేను చాలు మేడమ్ అనేదాకా తీయలేదు. ఎర్రబడిన ఆ చేతిని తుడుచుకోలేదు, జేబులో పెట్టుకోలేదు. అలాగే గాలికి వదిలేసి, కార్ దాకా నాకంటే ముందు నడిచారు.