మూగబాతు, వాగుడుబాతు

"ఈ పిల్లకి ఇంక మాటలు రావేమోనండి!"

ఈ మాట నేను డాక్టరు గారి దగ్గర అనలేదు, మావారి దగ్గరా అనలేదు. తణుకులో ఒక సీడీల కొట్టు ముందు, ఎవరూ అడక్కుండా, ముక్కూ మొహం తెలియని మనిషితో అనేశాను. కౌంటరు వెనక బెండకాయలు తరుగుతున్న ఆ మనిషి తలెత్తి నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ మూడున్నరేళ్ల దుర్గాశ్రీని చూసింది.

"అలాగాండి," అంది. "ఇంతకీ ఏ సీడీ కావాలండి?"

రత్నమాణిక్యం గారితో నా పరిచయం అలా మొదలైంది.

అది 2004. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మావారికి తునిలో బ్యాంకు ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేవారు. కూతురికి మాటలు రాలేదని నేను బెంగపడితే, "మా వంశంలో అందరికీ ఆలస్యమే" అని అదేదో ఆస్తి సంగతిలా చెప్పేవారు. పిల్లల డాక్టరేమో చెవులు బాగున్నాయి, కొన్నాళ్లు ఆగమన్నారు. సైన్సు చదువుకున్నవాళ్లు ఊరికే ఆగలేరు, కొలుస్తూ ఆగుతారు. ఏ వయసుకు ఎన్ని మాటలు రావాలో ఒక పుస్తకంలో చూసి గ్రాఫు గీశాను. ఊళ్లో పిల్లలంతా ఆ గ్రాఫు మీద కొబ్బరిచెట్లలా పైకి పోతుంటే, మా అమ్మాయి "అమ్మ, అత్త, పో" అనే సంపదతో అడుగుగీతను ఆనుకుని హాయిగా పడుకుంది. ఎమ్మెస్సీ పట్టా అందుకున్న చేత్తోనే సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి నాకించాను కూడా. అది ప్రయోగమా, నమ్మకమా అని మాత్రం నన్ను అడక్కండి.

అన్నిటికంటే పెద్ద ప్రయోగం నా నోరు. పిల్ల ఎన్ని మాటలు వింటే అన్ని మాటలు వస్తాయని నా సిద్ధాంతం. పాలు పొంగితే ఎందుకు పొంగాయో చెప్పేదాన్ని. రోడ్డు మీద లారీ బ్రేకు వేస్తే ఘర్షణ గురించి చెప్పేదాన్ని. చీమ కనబడితే దానికి కాళ్లెన్నో, అది ఎటు పోతోందో, ఎందుకు పోతోందో చెప్పేదాన్ని. ఆ చీమకు కూడా అంత తెలిసి ఉండదు. జూన్‌లో ఎల్‌కేజీ ఇంటర్వ్యూ. ఇంగ్లీషు బొమ్మల సినిమాలు చూపిస్తే తెలుగూ ఇంగ్లీషూ ఒకేసారి ఊడిపడతాయన్న ఆశతో ఆ కొట్టు మెట్లెక్కాను.

రత్నమాణిక్యం గారు పుట్టింది మండపేటలో, ఒక రైసుమిల్లు వెనక గదుల్లో. తండ్రి ఆ మిల్లులో పనివాడు. మిల్లు ఆడుతున్నంతసేపూ పక్కమనిషి మాట వినబడదు. తల్లి అన్నం తింటావా అని అడిగేది కాదట, కంచం ఎత్తి చూపించేదట. తండ్రికి కోపం వచ్చిందో లేదో గుమ్మంలో ఆయన చెప్పులు విడిచే తీరును బట్టి తెలిసిపోయేదట. "మిల్లు ఆగిన రోజున మా ఇంట్లో ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తెలిసేది కాదండి," అనేవారు. ఆ లోటు తర్వాత బాగానే తీర్చుకున్నారని తణుకులో ఎవరినడిగినా చెబుతారు.

పెళ్లయి తణుకు వచ్చారు. భర్త చిట్టియ్య గారు పెళ్లిళ్లకు వీడియో తీసేవారు. అప్పగింతల్లో పెళ్లికూతురు ఏడుస్తుంటే ఆ ఏడుపు వినబడకుండా పైన పాట వేసి, మొహం చుట్టూ గులాబీలు తిప్పడం ఆయన ప్రత్యేకత. "ఆ పిల్లని ఏడవనివ్వండీ" అని ఈవిడ పోరు. ఆ పోరు పడలేకే భార్యకు వేరే వీడియో లైబ్రరీ పెట్టించారని ఆయన చెప్పుకునేవారు. తుఫాను ఏడాది కొట్లోకి నీళ్లొస్తే, ఈవిడ క్యాసెట్లన్నీ డాబా మీద వడియాల్లా ఎండబెట్టి, బూజు తుడిచి మళ్లీ అద్దెకిచ్చారు. సీడీలొచ్చాక క్యాసెట్లు పోయాయి కానీ బోర్డు మారలేదు, ఈవిడ అభిప్రాయాలూ మారలేదు. అవి లేని విషయం లేదు. వాటిలో సగం తప్పులే.

నేను వెళ్లిన రోజుల్లో ఆ కొట్లో ఒక యుద్ధం నడుస్తోంది.

చెన్నై నుంచి కట్టగట్టి వచ్చిన సీడీల్లో ఒక జపాను బొమ్మల సినిమా పొరపాటున వచ్చింది. అట్ట మీద బాతు బొమ్మ. మాటలు జపనీసు, కింద అక్షరాలూ లేవు. వరదలో ఊరు మునిగిపోతుంది. ఒక పాత పడవలో ఒక ముసలాయన, ఒక చిన్నపిల్ల, ఒక బాతు మిగులుతారు. పడవకు చిల్లు. ముసలాయన చిల్లు పూడుస్తాడు. దాదాపు అంతే కథ. రత్నమాణిక్యం గారు కూరగాయలు తరుగుతూ దాన్ని ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు.

ఇంతలో మా కాలేజీలోనే ఇంటరు చదివే కార్తీక్, ఆ సినిమానే అమెరికావాళ్లు మార్చి తీసుకున్న ఇంగ్లీషు సీడీ ఒకటి హైదరాబాదు నుంచి కాపీ చేయించుకొచ్చాడు. అమెరికావాళ్లకు ఎవరైనా ఊరికే ఉంటే తోచదు. సినిమాను అరగంట కోశారు, రెండు పాటలు చేర్చారు. బాతుకు మాటలిచ్చి, జోకులేయించారు. దాంతో కొట్లో మొదటిదానికి మూగబాతు అనీ, రెండోదానికి వాగుడుబాతు అనీ పేర్లు పడ్డాయి. మూగ అన్న మాట వినబడినప్పుడల్లా నా చూపు పిల్ల మీదికి పోయేది. ఆఖరికి బాతుకు కూడా మాటలొచ్చాయి, నా కూతురికి రాలేదు.

"ఆంటీ, ఆ ఒరిజినల్లో ఏం జరుగుతోందో అసలెవరికర్థమైందండి?" అనేవాడు కార్తీక్.

"నాకు."

"మీకు జపనీస్ వచ్చేంటండి?"

"నీకు ఫిజిక్స్ వచ్చేంట్రా? పరీక్ష రాయట్లేదూ?" అని ఆవిడ నా వైపు చూసేవారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ లెక్క తప్పలేదు.

ఆవిడకు అర్థమైన కథ ఏమిటంటే, ఆ ముసలాయన పిల్లకు తాత. కూతురు ఇష్టం వచ్చిన పెళ్లి చేసుకుందని కోపం. అందుకే మనవరాలితో మాట్లాడడు. ఇంగ్లీషులో ఆయన పొరుగింటాయన అని స్పష్టంగా చెప్పారని కార్తీక్ మొత్తుకున్నాడు.

"పొరుగువాడికి అంత కోపం ఎందుకుంటుందిరా? సొంతవాళ్లకే ఉంటుంది," అన్నారావిడ. ఒరిజినల్‌ని కాపాడుతున్న మనిషికి ఒరిజినల్లో ఒక్క ముక్క రాదు. అయినా వెనక్కి తగ్గలేదు.

మూడో పక్షం గోపాలరాజు గారు. భీమవరం వైపు పొలాలూ చేపల చెరువులూ ఉన్న పెద్దమనిషి. తణుకులో ఉన్న కూతురింటికి వచ్చినప్పుడల్లా మనవడికి సీడీ అనే వంకతో ఈ కొట్టుకు వచ్చి, మనవణ్ణి మరిచిపోయి స్టూలు మీద కూర్చుండిపోయేవారు. ఆయన బాధ వేరు. సినిమాలో ఆ పిల్ల చేతిలో అన్నం ముద్ద ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో బన్ను అన్నారు.

"బన్నేంటండి మేడంగారూ?" అని నన్ను నిలదీశారు, ఆ సినిమా తీసింది నేనే అయినట్టు. "పుట్టిన దగ్గర్నించీ అన్నం ముద్ద చూస్తున్నానండి నేను. తెల్లగా మెతుకు మెతుకూ కనబడతందండి. గుండ్రంగా ఉందని బన్నంటారా? రేపు లడ్డూ అంటారు. ఊరుకుంటామాండి?"

"వాళ్ల పిల్లలకి అన్నం తెలీదు కదండి రాజుగారూ," అన్నాడు కార్తీక్.

"తెలీకపోతే తెలుసుకోమనండి. మనం బర్గరు తెలుసుకోలేదా?"

నేను వాగుడుబాతు పక్షం. ఎక్కువ మాటలు, అదీ ఇంగ్లీషు మాటలు. ఇంటికి తెచ్చి పెడితే దుర్గాశ్రీ రెండు నిమిషాలు చూసి పక్కగదిలోకి పోయింది. నేను మాత్రం మొత్తం చూశాను. నా ఇంగ్లీషు కాస్త మెరుగైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తీర్పు ఏర్పాటైంది. కౌంటరు మీద టీవీలో చిల్లు పూడ్చే సీను ముందు మూగబాతులోది, తర్వాత వాగుడుబాతులోది వేసి, ఏది గొప్పో తేల్చెయ్యాలి. మావారు భోంచేసి నిద్రపోతున్నారు. పిల్లను తీసుకుని నేనూ వెళ్లాను, మరొక భాష చెవిన పడితే నష్టమేముందని.

మూగబాతు మొదలైంది. వాన. ముసలాయన పడవలో వంగి చిల్లు పూడుస్తున్నాడు. ఎవరూ మాట్లాడరు, పాట లేదు. అంత చోటు ఖాళీగా కనబడేసరికి నేను ఆగలేకపోయాను.

"చూడు దుర్గా, తాత తారు రాస్తున్నాడు. తారు ఎందుకంటే, నీళ్లు లోపలికి రాకుండా. పడవ ఎందుకు తేలుతుందంటే, అది పక్కకి నెట్టిన నీళ్ల బరువు..."

"మేడంగారూ!" అన్నారు రత్నమాణిక్యం గారు. "తమరు అమెరికా నుంచి ఎప్పుడొచ్చారండి?"

"నేనా? నేనెప్పుడూ వెళ్లలేదండి."

"మరి ఈ పని ఎవరు నేర్పారు? వాళ్లు మాటలు బాతు నోట్లో పెట్టారు, మీరు మీ నోట్లోనే పెట్టుకున్నారు. మీకు చిన్నప్పుడు పోసిన వసలో సగం దాచుంటే ఈ పిల్లకి పనికొచ్చేది."

కార్తీక్ కిసుక్కుమన్నాడు. నా స్టూడెంటు. నేను అలిగి నోరు మూసుకున్నాను. జ్ఞానోదయమై కాదు, కేవలం అలిగి.

దుర్గాశ్రీ నా ఒళ్లోంచి జారి టీవీ ముందుకెళ్లి నిలబడింది. తెర మీద ఆ పిల్ల తన దగ్గరున్న ఆఖరి ముద్దను రెండు చేసి, సగం ముసలాయన పక్కన బల్ల మీద పెట్టింది. ఆయన చూడలేదు. పని చేస్తూనే ఉన్నాడు. వాన తగ్గింది. చిల్లు పూడింది. ఆయన చేతులు కడుక్కుని, ఆ సగం ముద్ద తీసుకుని, నెమ్మదిగా తిన్నాడు. రాలిన మెతుకులు బాతు ఏరుకుంది. చూస్తే మా అమ్మాయి దవడ కూడా కదులుతోంది. ఆయనతోపాటు తింటోంది.

"ఏముందండి ఇందులో?" అన్నాడు కార్తీక్, సీడీ మారుస్తూ. "ఇప్పుడు చూడండి స్పీడు."

అదే పడవ, అదే వాన. పిల్ల సగం ముద్ద బల్ల మీద పెట్టగానే బాతు రెక్కలు చాచి పాటెత్తుకుంది. పాట అయిపోయేసరికి పడవ బాగైపోయి, ఎండ కాసి, తెరచాప ఎత్తేశారు. కార్తీక్ మా అందరివైపూ గర్వంగా చూశాడు.

దుర్గాశ్రీ వెనక్కి తిరిగింది. మొహం చిన్నబోయి ఉంది.

"తాత ముద్ద తినలేదు," అంది.

గోపాలరాజు గారు స్టూలు మీంచి లేచారు.

"ఆయ్! అదండీ సంగతి! అన్నం వదిలేశారండి! బన్నన్నారు, సరే. పెట్టిన పిల్ల మొహం చూసైనా తినద్దూ?"

"అంటే... నిడివి కోసం కట్ చేసుంటారండి," అని కార్తీక్ సీను వెనక్కి తిప్పాడు. బల్ల మీద సగం ముద్ద, వెంటనే బాతు, వెంటనే ఎండ. మళ్లీ తిప్పాడు. ముద్దను తినే మనిషి ఎక్కడా దొరకలేదు. ఇన్ని వారాలు బన్నా, ముద్దా అని కొట్టుకున్న మేధావులెవరూ అది ఏమైందని అడగలేదు.

నాకు మాత్రం ఏ దేశం గెలిచినా ఒకటే. మోకాళ్ల మీద కూర్చుని పిల్ల భుజాలు పట్టుకున్నాను. "ఏమన్నావమ్మా? ఇంకోసారి అను! ఎవరు తినలేదు? ఏ తాత? ముద్ద ఏ రంగు? ఏదీ, అత్తకి చెప్పు..."

దుర్గాశ్రీ నోరు టక్కున మూతపడింది. గుమ్మం వైపు చూసింది. నేను ఇంకో ప్రశ్న అడగబోయాను. బెండకాయ జిగురుతో ఉన్న అరచెయ్యి ఒకటి వచ్చి నా నోరు మూసింది. జీవితంలో నా ఉపన్యాసాన్ని అలా ఆపినవాళ్లు లేరు.

రత్నమాణిక్యం గారు పిల్లను ఏమీ అడగలేదు. రెండో చేత్తోనే సీడీ మార్చి, మూగబాతులో ఆ చోటుకు తిప్పి, పిల్ల పక్కన నేల మీద చతికిలబడ్డారు. నా నోటి మీది చెయ్యి అప్పుడు తీశారు. నేను తెరవలేదు. ముసలాయన చేతులు కడుక్కున్నాడు. ముద్ద తీసుకున్నాడు. ఆవిడ తెర వైపే చూస్తున్నారు. పిల్ల ఆవిడ వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసింది. నాకు ఊపిరాడలేదు. అంతసేపు మాట్లాడకుండా ఉండటం వల్ల అయ్యుంటుంది.

"తిన్నాడు," అంది దుర్గాశ్రీ, తనంతట తనే. తర్వాత ఇంకొంచెం ఆలోచించి, "బాతూ తింది," అంది.

"తింది మరి," అన్నారు రత్నమాణిక్యం గారు. అంతకుమించి మెచ్చుకోలేదు. లేచి బెండకాయల దగ్గరికి పోయారు.

జూన్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాం. టీచరు ఏనుగు బొమ్మ చూపించి ఇదేంటమ్మా అని అడిగింది. మా అమ్మాయి చూసింది, చూసింది, చూస్తూనే ఉంది. నా నాలుక మీద ఏనుగు, దాని బరువు, తొండంలో కండరాలు అన్నీ వరస కట్టాయి. పెదాలు బిగబట్టాను. చివరికి దుర్గాశ్రీ, "ఏనుగు. తోక లేదు," అంది. టీచరు అట్ట తిప్పి చూసుకుంది. తోక దగ్గర చిరిగిపోయి ఉంది. సీటు వచ్చింది.

నా బెంగ పోలేదు. మాటలొచ్చాక అక్షరాల బెంగ పట్టుకుంది, తర్వాత లెక్కలదీ వచ్చింది. కానీ అప్పట్నించీ పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేసేదాన్నంతే. చీమల దారిని పిల్ల చూస్తుంటే పక్కన కూర్చునేదాన్ని. అది పలికితే పలికేదాన్ని. ఆ ఆదివారం కొట్టు మెట్లు దిగుతుంటే రత్నమాణిక్యం గారు వెనక నుంచి కేకేసి చెప్పింది అదే. తన సినిమాకు అడ్డొచ్చే ప్రతివాళ్లకూ అదే చెబుతారని తర్వాత తెలిసింది. అయినా నాకు పనికొచ్చింది.

"టీవీ సౌండు ఎంతైనా పెట్టుకోండి మేడంగారూ! మీ సౌండు తగ్గించుకోండి!"