వాకిట్లో కారుకు రంగు వేసింది నేను

మా పిల్లల చిన్నప్పుడు... మా వాకిట్లో కారుకు రంగు వేసింది నేను. ఈ మాట ముందే చెబుతున్నాను.

నా పేరు మస్తానమ్మ. వయసు డెబ్బై దాటింది. పర్చూరు పక్కన పల్లె మాది. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. మా ఆయన పేరు నాగూరు, కాలం చేసి చాలా ఏళ్లయింది. పెద్ద కొడుకు దగ్గర ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని చెప్పాను.

ఎందుకు రాయిస్తున్నానంటే... మొన్న మా మరిది కాశిం కొడుకు బాజీ ఆ పాత కారు ఫొటో ఫోనులో ఈ ఊరి గ్రూపులో పెట్టాడు. "మా నాన్న ఇంట్లోనే తన చేత్తో రంగు వేసిన కారు. పెద్దమ్మ అందరికీ టీలు పెట్టి ఇచ్చేది" అని రాశాడు. కింద అందరూ ఆహా ఓహో అని పొగడ్తలు.

టీలట!

జరిగింది ఇదీ...

అప్పట్లో కాశిం బాడుగలకు తిప్పుదామని పాత అంబాసిడర్ కొన్నాడు. రంగు పెచ్చులు లేచిపోయి ఉంది. తలుపుల కింద తుప్పు. మా వీధిలో ఉండే రాజకుమారి టీచరు గారు కూతుర్ని పెళ్లికి చర్చికి తీసుకెళ్లడానికి ఆ కారే మాట్లాడారు. "రంగు వేయిస్తేనే కాశిం... పెళ్లికూతుర్ని ఈ అవతారంలో ఎక్కించను" అని తేల్చి చెప్పారు. ఆ బాడుగ తప్పిపోతే ఊళ్లో ఇంకెవరూ ఆ కారు ఎక్కరు. కార్లకు రంగులేసే షెడ్డులో అడిగితే, పెళ్లి అయిపోయాక గానీ కుదరదన్నారు.

"మనమే వేద్దాం వదినా... ఇంటి తలుపులకు వేసినట్టే కదా" అంటూ కాశిం తెల్ల రంగు డబ్బాలు, కుంచెలు తెచ్చాడు. ముందు తలుపు సగం వేశాడు. నడుం పట్టేసిందంటూ టీకొట్టుకు పోయాడు. మిగతా కారంతా నాకు వదిలేశాడు.

నేనే వేశాను. సాయంత్రానికి తెల్లగా తేలింది. దగ్గరికి పోయి చూద్దును కదా... కారు నిండా దూది నూగు! వసారాలో మా ఆయన దూది మిషన్ తిప్పుతూనే ఉన్నాడు. ఎగిరిన నూగంతా వచ్చి పచ్చి రంగుకు అంటుకుంది.

కాశిం అప్పుడొచ్చాడు. "వదినా, కారుకు గడ్డం మొలిచిందే!" అని పడీపడీ నవ్వాడు.

"నవ్వు నవ్వు. టీచరమ్మ ముందు ఎట్లా నవ్వుతావో చూస్తా" అన్నాను.

ఆరాక ఉప్పుకాగితంతో అంతా గీకాను. వేళ్ల కొసలు తోలు లేచాయి. ఈసారి నూగు పడకూడదని ఎదురింటివాళ్ల పట్టాలు తెచ్చి కారు చుట్టూ కట్టాను. అవి మిరపకాయలు ఆరబోసే పట్టాలు... ఎండ ఎక్కేసరికి లోపల ఒకటే ఘాటు. తుమ్ములు... కళ్ల వెంట నీళ్లు... కుంచె ఎటు పోతోందో కనపడలేదు. చూడ్డానికొచ్చిన పిల్లలూ తుమ్ములే. పట్టాలు పీకి అవతల పారేసి, మా ఆయన దగ్గరికి పోయాను.

"ఈ ఒక్క రోజూ మిషన్ ఆపయ్యా."

"పెళ్లి పరుపులున్నాయే. నీ కారు కోసం నా పని ఆపాలా?"

"నా కారా? నీ తమ్ముడి కారు!"

"అయితే వాణ్ణే వేసుకోమను."

స్టూలెక్కి, మీటరు పక్కన ఫ్యూజు పీకి బొడ్లో దోపుకున్నాను. మిషన్ ఆగిపోయింది.

ఆయన బయటికొచ్చి వీధి వీధంతా వినపడేలా అరిచాడు. "ఫ్యూజు ఇటివ్వవే!"

"రంగు ఆరాక ఇస్తా. అంతదాకా అరుచుకో."

దుమ్ము లేవకుండా వాకిలంతా నీళ్లు చల్లాను. కొంగు తలకు బిగించి, పైకప్పు నుంచి కిందికి ఒకే తీరున లాక్కుంటూ వచ్చాను. ఆయన అరిచి అరిచి అలసిపోయి అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి "అదుగో... ఆ లైటు కింద కారుతోంది చూడు" అని వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. ఆ మాత్రం సాయం చేశాడు, కాదనను.

టీచరు గారు వచ్చి చూశారు. అద్దంలా కాకపోయినా నునుపుగా వచ్చింది. "బాగుంది కాశిం. ఎవరు వేశారు?" అని అడిగారు.

"ఇంట్లోనే వేసుకున్నామండీ" అన్నాడు కాశిం.

నేను అక్కడే కూర్చుని చేతులకు కిరసనాయిలు రుద్దుకుంటున్నాను. టీచరు గారు నా చేతుల వంక చూశారు.

పెళ్లి బాగా జరిగింది. ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లకు తిరిగిందో ఆ కారు... ఎండాకాలం వస్తే సముద్ర స్నానాలకు వాడరేవు పోయేవాళ్లంతా దాన్నే పిలిచేవాళ్లు.

ఫొటో సంగతి తెలియగానే కాశింను ఇంటికి పిలిపించాను.

"పిల్లోడు తెలియక రాశాడులే వదినా... వదిలెయ్."

"వాడికి తెలియదు, సరే. నీకు తెలుసుగా? వాడికి ఎప్పుడన్నా చెప్పావా?"

"ఇప్పుడు అందరి ముందూ చెబితే నా పరువేం కావాలి?"

"ఇన్నేళ్లూ నా పేరేమయింది మరి?"

ఈ రాసిందంతా అతనికి చదివి వినిపించమని మనవరాలికి చెప్పాను.

ఇప్పుడు కారుకు రంగంటే షెడ్డులో వదిలిపెట్టి వస్తున్నారు. ముసుగులు కట్టుకుని మిషన్‌తో కొడతారట... ఎవరి చెయ్యి పడిందో కారు గలవాడికే తెలియదు. మా రోజుల్లో అందరికీ తెలిసేది. తెలిసి కూడా ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

మీ ఇళ్లల్లోనూ ఏ అమ్మో, పెద్దమ్మో చేసిన పని ఇంకొకరి పేరున చెలామణి అవుతుంటే... ఆమె బతికుండగానే కింద రాయండి.

ఇట్లు,
మస్తానమ్మ నిశాని (ఎడమ చేతి బొటనవేలి ముద్ర, ఫొటోలో ఉంది)

సాక్షులు:
రాజకుమారి, రిటైరైన టీచరు
కాశిం, మస్తానమ్మ మరిది, బాజీ తండ్రి. మొత్తం విని, నిజమేనని చేసిన సంతకం