అవ్వ నూనె పెట్టిన గోల్ఫ్ కర్ర

ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబావుల దగ్గర ఆఫీసర్ల క్లబ్బులో గోల్ఫ్ మైదానం గడ్డి కోసేవాణ్ణి. ఆట నేర్పే కొలువు ఖాళీ అయితే నేనూ అడిగాను; దసరా మర్నాడు ఆడి చూపించమన్నారు. పేరున్న కంపెనీ కర్రలు నాకు పొడుగు. అందుకే కర్ర తల, గొట్టం, పిడి విడివిడిగా తెచ్చి నా ఎత్తుకు బిగించుకున్నాను. బంతి తిన్నగా పోయేది.

దసరా నాడు మా అవ్వ కొడవళ్లతోపాటు ఆ కర్ర పిడికీ నూనె రాసి బొట్టు పెట్టింది. మర్నాడు ఎంత తుడిచినా జిడ్డు పోలేదు. కొట్టబోతే కర్ర జారి, ఆట చూడవచ్చిన క్లబ్బు పెద్దసారు కాళ్ల దగ్గర పడింది.

"అతుకుల కట్టె గింతే ఉంటది" అన్నాడాయన.

"కట్టె మంచిదే సార్. పిడికి నూనె అంటింది."

"నూనె ఎవడన్న పెడతడా?" అందరూ నవ్వారు. ఆ కొలువు చేజారింది.

"ఏమాయె బిడ్డా?" అని అవ్వ అడిగింది.

"రాలే అవ్వా. కట్టె మంచిది కాదు" అన్నాను.