అబర్డీన్ బజార్లో అప్‌డేట్లు ఆపినవాడు

ఈ సంగతి రాసి పెట్టక తప్పేలా లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో మా తెలుగువాళ్ళుండే షాదీపూర్ పేటలో దీని మీద ఇప్పటికే మూడు రకాల కథలు నడుస్తున్నాయి. ఒకదాంట్లో నేను ఫోటో స్టూడియో కంప్యూటర్ని పాడుచేశాను. ఇంకోదాంట్లో బాగుచేశాను. మూడోది మా ఆవిడ చెప్పేది, అందులో ముందు పాడుచేసి, తర్వాత బాగుచేసి, రెండింటికీ శాలువా కప్పించుకున్నాను (శాలువా అబద్ధం, టీ మాత్రమే ఇచ్చారు). అసలు జరిగింది తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే ఓడెక్కి మెయిన్‌ల్యాండ్‌లో పిల్లల దగ్గరికి వెళ్ళిపోతున్నారు. మిగిలినవాళ్ళలో నాకు నమ్మకమున్నది నా ఒక్కడి జ్ఞాపకశక్తి మీదే. అందుకని రాస్తున్నాను.

ఆ రోజుల్లో, అంటే సునామీ వచ్చి వెళ్ళిన మూడు నాలుగేళ్ళకి, మా పోర్ట్ బ్లెయిర్‌లో ఇంటర్నెట్ అనేది ఆకాశం దయాదాక్షిణ్యాల మీద ఆధారపడి ఉండేది. ఉపగ్రహం నుంచి దిగేది, మబ్బు పడితే అక్కడే ఆగిపోయేది. మా ఊళ్ళో ఏడాదిలో ఎన్నాళ్ళు మబ్బు ఉంటుందో అక్కడ బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అబర్డీన్ బజార్లో మా బాబాయికి చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలు తియ్యడం, జిరాక్సులు, టైపింగు, పరీక్షల రిజల్ట్స్ చూపించడం, అన్నింటికీ ఒకటే కంప్యూటర్. దానికి నేను సర్వాధికారిని. నాకు కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు. లైబ్రరీలో ఉన్న ఇటుకంత ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి నేర్చుకున్నాను. ఏ మాట మొదలుపెట్టినా "లైబ్రరీ పుస్తకంలో ఏముందంటే" అనేవాణ్ణి కాబట్టి, బజారంతా నన్ను "లైబ్రరీ" అనే పిలిచేది. వాళ్ళు వెక్కిరింపుగా అనేవారు, నేను బిరుదుగా స్వీకరించేవాణ్ణి.

ఇక అప్‌డేట్ల గొడవ. కంప్యూటర్ని నడిపే మూల ప్రోగ్రాములో ఎక్కడో ఒకచోట చిల్లులు బయటపడుతుంటాయి. వాటిలోంచి వైరస్‌లు దూరకుండా, దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పటికప్పుడు అతుకులు పంపిస్తుంటారు. అవి మనల్ని అడక్కుండా వాటంతట అవే దిగుతుంటాయి. మెయిన్‌ల్యాండ్‌లో ఇది సౌకర్యం. మా దగ్గర, దారంలాంటి లైను మీద అతుకులు దిగడం మొదలుపెడితే ఇంకేదీ దిగేది కాదు. కౌంటరు ముందు రిజల్ట్ కోసం వచ్చిన పిల్లలు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉండేవాళ్ళు, లోపల అతుకు తాపీగా దిగుతూ ఉండేది. పైగా మాది అప్పటికే పాతబడిన కంప్యూటర్, ఒక్కో అతుకు పడేకొద్దీ ఇంకాస్త ముసలిదయ్యేది. దీనికి తోడు దిగడం పూర్తవగానే తనంతట తనే ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఒకరోజు బాబాయి ఒక పెళ్ళికొడుకు మొహం మీద మొటిమలు తీసేస్తున్నాడు. కుడి చెంప పూర్తయి, ఎడమ చెంప మీదికి వచ్చాడో లేదో తెర నల్లబడింది. మళ్ళీ వెలిగాక ఫోటో తెరిస్తే మొటిమలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఒరేయ్ లైబ్రరీ! యే క్యా తమాషా హై రా? నా దుకాణంలో నన్నడక్కుండా షట్టర్ వేసేది ఎవడ్రా?" అని అరిచాడు బాబాయి.

నేను లైబ్రరీకి పరుగెత్తి, పుస్తకం తెచ్చి, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపడం ఎలా అనే అధ్యాయం చదివి, ఆపేశాను. లైను ఊపిరి పీల్చుకుంది. రిజల్ట్స్ వచ్చాయి, మొటిమలు పోయాయి. పుస్తకం వాపసు ఇచ్చేశాను. ఆపేశాక ఇంక చదవడానికేముంటుంది? ఈ సంగతి బజారంతా పాకింది. ఓడ టిక్కెట్ల ఏజెంటు దగ్గర ఆపాను, మందుల షాపులో ఆపాను, షాదీపూర్లో రిటైరైన తెలుగు హెడ్మాస్టరు గారింట్లో కాఫీ తాగి మరీ ఆపాను. ఏమీ కొత్తగా పెట్టకుండా, ఉన్నదాన్ని ఆపి పేరు తెచ్చుకున్న ఇంజినీరు అండమాన్‌లో నేనొక్కణ్ణే.

అలా హాయిగా సాగుతుండగా ఒక శుక్రవారం పొద్దున్న కంప్యూటర్ తెరిస్తే, ఫోటోలున్న ఫోల్డర్లు నొక్కితే తెరుచుకోవడం లేదు. బొమ్మ అదే, పేరు అదే, నొక్కితే మాత్రం ఏమీ రాదు. ముందురోజు ఒక కుర్రాడు ఓడ దిగి నేరుగా మా కొట్టుకొచ్చి, పెన్ డ్రైవ్ పెట్టి పాటలు చూపించాడు. పాటలతో పాటు ఇంకేదో కూడా దిగిందని నాకప్పుడు అర్థమైంది.

మామూలు రోజైతే ఇంత కంగారు పడేవాళ్ళం కాదు. ఆ రోజు చేపల పిన్ని వస్తానంది. చేపల పిన్నిది శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబం. సునామీ వాళ్ళ ఇంటినీ, ఇంటాయననీ తీసుకుపోయింది. ఆ ముందు వేసవిలోనే వాళ్ళమ్మాయి పెళ్ళికి మా బాబాయి ఫోటోలు తీశాడు. ఆల్బమ్ ఇంటితో పాటే పోయింది. ఇన్నాళ్ళూ రేకుల షెల్టర్‌లో ఉన్న పిన్నికి కొత్త ఇల్లు ఇచ్చారు. గృహప్రవేశానికి ఆయన ఫోటో గోడ మీద ఉండాలని, ఉత్తర అండమాన్‌లో డిగ్లీపూర్లో ఉన్న కూతుర్ని కూడా రమ్మని కబురు పెట్టింది. ఆయన ఫోటో ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఆ కంప్యూటర్లోనే ఉంది.

బాబాయి మొహం తెల్లబడిపోయింది. నా మీద నమ్మకం పోయిన మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు, ఫార్మాట్ భయ్యాకి ఫోన్ చేశాడు. ఈ భయ్యా దగ్గర ఏ రోగానికైనా ఒకటే మందు. కంప్యూటర్లో ఉన్నదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించేస్తాడు. సీడీ జేబులో పెట్టుకునే తిరుగుతాడు. వచ్చి ఒక్క చూపు చూసి, "అరే, ఫార్మాట్ మార్ దేతే హైఁ! సబ్ సాఫ్, ఏక్‌దమ్ నయా!" అన్నాడు.

"భయ్యా, ఫోటోలు?" అన్నాను.

"ఫోటో తో గయా సమఝో," అన్నాడు. ఫోటోలు పోయినట్టే అనుకోమని, బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత తేలిగ్గా.

సరిగ్గా అప్పుడే పిన్ని, కూతురు లోపలికొచ్చారు. విషయం ఎలా చెప్పాలో తెలియక బాబాయి నసుగుతుంటే, పిన్ని మా అందరి మొహాలూ చూసి, బుట్ట కింద పెట్టి, కంప్యూటర్ ముందున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఏటి బాబూ, మా మావ ఆ పెట్టిలో ఉన్నాడా, నేడా?"

"ఉండాలి పిన్నీ..."

"ఉండాలంతే ఉన్నట్టే. ముందు మా మావని బైటికి తియ్యండి. ఆనక పెట్టిని ఏటి సేసుకుంతారో సేసుకోండి. అందాకా దీని మీద సెయ్యేసినోడి సెయ్యి ఇరిసేత్తాను." ఫార్మాట్ భయ్యాకి తెలుగు రాదు. కానీ ఆ మాటకి అనువాదం అవసరం లేకపోయింది. సీడీ జేబులోకి వెళ్ళిపోయింది.

"నువ్వెల్లి సదువుకునొచ్చేయి బాబూ. నానిక్కడే కూకుంతాను," అంది నాతో. జీవితంలో నన్ను చదువుకోమని అంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు.

లైబ్రరీకి పరుగెత్తాను. పుస్తకం అరలో లేదు. పుస్తకాలిచ్చే లైబ్రరీ దీదీ కళ్ళజోడు సర్దుకుని, "వో మోటీ వాలీ కితాబ్? షాదీపూర్ వాలే హెడ్మాస్టర్ సాబ్ లే గయే," అంది. షాదీపూర్ దాకా మళ్ళీ పరుగు. హెడ్మాస్టరు గారు వరండాలో పడక్కుర్చీలో, అదే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో చీపురుపుల్ల గుర్తు పెట్టి చదువుతున్నారు.

"రావయ్యా రా, నీ గురించే అనుకుంటున్నాను. ఆపి వెళ్ళావు సరే, ఆపాక ఏం చెయ్యాలో చెప్పకుండా వెళ్ళావేం? దాని తర్వాత అధ్యాయం అంతా అదే!"

"దాని తర్వాత కూడా ఉందా సార్?"

"ఉందా ఏమిటయ్యా! నువ్వు కాపలావాణ్ణి ఇంటికి పంపేశావు. మరి తలుపు నువ్వే వేసుకోవాలా వద్దా?"

ఆయన కళ్ళు చేటలంత చేసుకుని చదివి వినిపించారు. అప్‌డేట్లు ఆపినవాడు కంప్యూటర్ని సర్వాధికారి (అడ్మినిస్ట్రేటర్) ఖాతాతో వాడకూడదు, మామూలు ఖాతాతో వాడాలి. పెన్ డ్రైవ్ పెట్టగానే దానంతట అది తెరుచుకోకుండా కట్టడి చెయ్యాలి. పని లేనప్పుడు లైను తీసేయాలి. వైరస్‌లని పట్టే ప్రోగ్రాముకి కొత్త వైరస్‌ల జాబితా ఎలాగైనా అందించాలి. వీలు చూసుకుని అప్‌డేట్లు మన చేత్తో మనమే ఎక్కించాలి. ముఖ్యమైనవాటికి ఇంకో నకలు ఉంచాలి. చివర్లో ఒక చిన్న పేరా ఉంది. కొన్ని వైరస్‌లు అసలు ఫోల్డర్లని చెరపవు, కనపడకుండా దాచేసి, వాటి వేషం తామే వేసుకుని కూర్చుంటాయి. ఆ పేరా వినగానే నేను ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను (పెద్దల దగ్గర అలా చేయకూడదు). ఆయన ఏమీ అనుకోకుండా స్కూటర్ తీశారు. వాళ్ళ అల్లుడు విశాఖపట్నం నుంచి ఓడలో పంపిన వైరస్ నివారణ సీడీ కూడా సంచీలో వేసుకున్నారు.

మేం వెళ్ళేసరికి పిన్ని స్టూలు మీదే ఉంది. ఫార్మాట్ భయ్యా ఆవిడకి టీ తెచ్చిచ్చి వినయంగా ఓ మూల నిలబడి ఉన్నాడు. లైను పీకేశాను. సీడీ పెట్టాను. అది నెమ్మదిగా ఒక్కో దొంగవేషాన్నీ పట్టుకుని తీసేస్తోంది. ఫోల్డర్లన్నీ మాయమైపోతుంటే బాబాయి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పూర్తయ్యాక, దాచినవి చూపించమనే గడిలో టిక్కు పెట్టాను. తెర మీద పాలిపోయిన రంగులో, పొగమంచులోంచి పడవలు వచ్చినట్టు, ఫోల్డర్లు ఒక్కొక్కటే కనపడ్డాయి. పిన్ని కూతురి పెళ్ళి ఫోల్డర్ తెరిచాను. ఆయన చేతిలో లడ్డూ, బుగ్గలో ఇంకో లడ్డూ, కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.

పిన్ని తెరకి దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగి, "సూడు, సుగరున్నాది, మిఠాయి తినకు మావా అని ఎంత సెప్పినాను! దొంగతనంగా తినీసినాడు," అంది. అంతా ఒక్కసారి నవ్వాం. కూతురు నవ్వుతూనే ఏడ్చేసింది. పిన్ని మాత్రం ఆ ఫోటోనే పెద్దది చెయ్యమంది, బుగ్గలో లడ్డూతో సహా.

ఆ తర్వాత మా స్టూడియోలో పెన్ డ్రైవులు చెప్పుల్లాగా గుమ్మం బయటే ఆగేవి. అప్‌డేట్లు ఓడలో వచ్చేవి, పాత వారపత్రికల్లాగా ఆలస్యంగా. అయినా సర్వాధికారి పదవికి రాజీనామా చేసి మామూలు ఖాతాలో పనిచేసుకుంటూ ఆ ముసలి కంప్యూటర్ని చాలాకాలం క్షేమంగా నడిపాను.

కాబట్టి కృతజ్ఞతలు చెప్పవలసినవాళ్ళు చాలామందే. కొట్టు నా మీద వదిలేసిన స్టూడియో బాబాయికి, పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పిన లైబ్రరీ దీదీకి, తర్వాత అధ్యాయం చదివిన హెడ్మాస్టరు గారికి, సీడీలు ఓడెక్కించిన ఆయన అల్లుడికి, ఆ పూటకి సీడీ జేబులో పెట్టుకున్న ఫార్మాట్ భయ్యాకి, పిన్ని కూతురు డిగ్లీపూర్ అక్కకి. అందరికంటే ముందు చేపల పిన్నికి. ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తే మనవల్ని పిలిచి గోడ మీది ఫోటో చూపిస్తుంది. "ఈ బాబేర్రా మీ తాతని పెట్టిలోంచి తీసినోడు" అంటుంది. నేను ఒక గడిలో టిక్కు పెట్టానంతే అని చెబుదామని ప్రతిసారీ అనుకుంటాను. ఆ పిల్లలు నా వైపు చూసే చూపు చూస్తే, లైబ్రరీ అనే ఆ ఇరవయ్యేళ్ళ కుర్రాడు నాలో ఛాతీ విరుచుకుని లేచి నిలబడతాడు. వాణ్ణి కూర్చోబెట్టడానికి మనసొప్పదు.