టీవీలోంచి చెప్పి వెళ్లారు

మావారికి బడా బజార్‌లో బట్టల కొట్టు ఉన్నా, ప్రాణమంతా హార్మోనియం మీదే. వయసులో ఉండగా ఒకసారి ఇక్కడి ఒడియా టీవీ హాస్య కార్యక్రమంలో పాత పాట పాడారు. ఆయన పోయాక అంకులి పేటలో నేనొక్కదాన్నే. ఇంట్లో మనిషి అలికిడి ఉన్నట్టుంటుందని టీవీ పెట్టుకుంటాను.

మొన్న మధ్యాహ్నం వంకాయలు తరుగుతుంటే ఆయన గొంతు వినిపించింది. ఆ పాత కార్యక్రమమే మళ్లీ వేస్తున్నారు! కత్తిపీట వదిలేసి టీవీ ముందు నిలబడిపోయాను. పాట అయ్యాక ఆయన లేచి, నవ్వుతూ "ఆసుచి" అన్నారు. ఒడియాలో 'వస్తాను' అని. కొట్టుకు బయల్దేరుతూ రోజూ నాతో అనే మాటే అది.

"బేగొచ్చీండి, అన్నం సల్లారిపోతాది" అనేశాను, గట్టిగా.

గుమ్మంలో పక్కింటి అమ్మాయి.

"ఎవులొస్తన్నారు పిన్నీ?"

"ఎవులూ లేరమ్మా" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. టీవీలో జనం పగలబడి నవ్వుతున్నారు.

ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు ఆయనకు మాట పడిపోయింది. చెప్పకుండానే వెళ్లిపోయారని ఇన్నాళ్లూ కుమిలిపోయాను. మొన్న చెప్పి వెళ్లారు.